మత్తు డాక్టరు ఎక్కడుండాలి?

సర్జను: అమ్మా, నా మాట ముందే చెప్పేస్తాను. ఈ కృష్ణా డెల్టాలో చిన్న ఆస్పత్రుల్లోనే నా సర్వీసంతా గడిచింది. హెర్నియా దగ్గర్నుంచి పెద్దాపరేషన్ కాన్పుల దాకా అన్నీ చేశాను. అలా చేసినవాణ్ని కాబట్టే అంటున్నాను, ఇక ముందు ఎవరూ అలా చేయకూడదు. ఆపరేషన్లు, కష్టమైన కాన్పులు, ఊపిరి అందని కేసులు బందరు పెద్దాసుపత్రికే చేరాలి. 2023 సెప్టెంబరు 15న బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల 150 సీట్లతో మొదలైంది. జిల్లా ఆస్పత్రి బోధనాసుపత్రి అయింది. 150 సీట్లకు 605 పడకలు ఉండాలని జాతీయ వైద్య కమిషన్ నిబంధన. అంత ఆస్పత్రి మన జిల్లా కేంద్రంలోనే తయారవుతుంటే, ఉన్న కొద్దిమంది స్పెషలిస్టుల్ని అవనిగడ్డకొకరు, గుడివాడకొకరు అని చల్లేస్తే ఎక్కడా ఎవరూ మిగలరు.

డ్యూటీ డాక్టరు: సార్, మీరు బందరును మధ్యలో పెట్టుకుని లెక్క వేస్తున్నారు. నేను ఎదురుమొండి నుంచి మొదలుపెడతాను. అక్కడి గర్భిణికి రాత్రి నొప్పులొస్తే ముందు పంటు మీద ఏటిమొగ రేవుకు దాటాలి. తర్వాత నాగాయలంక, ఆపైన అవనిగడ్డ. అక్కడి నుంచి మోపిదేవి, చల్లపల్లి మీదుగా బందరుకు నలభై కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. బిడ్డ పుట్టాక రక్తం ఆగకపోతే తల్లికి సగటున ఉండే వ్యవధి రెండు గంటలని మన పాఠ్యపుస్తకాలే రాశాయి. ఆ రెండు గంటల్ని మీరు రోడ్డుకు ఇచ్చేస్తున్నారు.

సర్జను: సరే, ఆమె అవనిగడ్డలోనే ఆగింది. మీ దగ్గర రక్తం ఉందా?

డ్యూటీ డాక్టరు: ఉండేలా చేయొచ్చు. చిన్న ఆస్పత్రికి పూర్తి బ్లడ్ బ్యాంకు అక్కర్లేదు. పెద్ద బ్లడ్ బ్యాంకు నుంచి సంచులు తెచ్చి నిల్వ పెట్టుకునే కేంద్రానికి నిబంధనలు ఎప్పటి నుంచో ఉన్నాయి. చల్లటి పెట్టె, కరెంటు పోతే నడిచే జనరేటరు, గ్రూపు సరిచూసే టెక్నీషియన్ ఉంటే చాలు. అన్ని చోట్లా అన్ని రోజులూ ఇవి ఉంటున్నాయని నేను అనను. లేని రోజును చూపించి ఆస్పత్రినే తగ్గించేద్దామంటే మాత్రం ఒప్పుకోలేను.

సర్జను: లేని రోజు గురించే మాట్లాడాలమ్మా, మనుషులు పోయేది ఆ రోజే కనుక. కాస్త వెనక్కి వెళ్దాం. పల్లెటూరి ఆస్పత్రి మనకు ఎలా వచ్చింది? మద్రాసు ప్రెసిడెన్సీలో 1871 లోకల్ ఫండ్స్ చట్టం రోడ్లు, బడులతో పాటు ఆస్పత్రుల్ని కూడా స్థానిక నిధుల కింద పెట్టింది. తాలూకా కేంద్రాల్లో ధర్మాసుపత్రులు అలా నిలబడ్డాయి. ఒక డాక్టరు, ఒక కాంపౌండరు, గోడ వారగా నాలుగు మంచాలు. 1920లలో పానగల్లు రాజా ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది. పల్లెలో కాపురం పెట్టి ప్రాక్టీసు చేసుకునే డాక్టరుకు సర్కారు ఏడాదికింత అని సాయం ఇచ్చే పథకం పెట్టింది. చాలాచోట్ల ఆ మనిషి ఎల్.ఎం.పి. అనే చిన్న వైద్య కోర్సు చదివినవాడే. మంచి ఆలోచన, నేను దండం పెడతాను. కానీ ఆ చరిత్రంతా తిరగేసి చూస్తే నీకు కనిపించేది ఆస్పత్రి కాదు, ఒక మనిషి. ఆయన బాగా చూస్తే చుట్టూ నలభై ఊళ్లు ఆయన పేరు చెప్పుకున్నాయి. ఆయనకు బదిలీ అయితే తాళం పడింది.

డ్యూటీ డాక్టరు: ఆ మనిషిని తీసేసింది ఎవరు సార్? 1946లో భోర్ కమిటీ ఎల్.ఎం.పి. చదువు వద్దు, దేశమంతటా ఒకే ఎం.బి.బి.ఎస్. చాలంది. ఆ కమిటీలోనే కొందరు సభ్యులు ఒప్పుకోలేదు, పల్లెకు డాక్టరు దొరకడని విడిగా రాసి ఇచ్చారు. వాళ్లు భయపడ్డట్టే జరిగింది. నాణ్యత పెంచుతున్నామంటూ మనం చేసిన ప్రతి మార్పూ డాక్టరును పల్లె నుంచి కొంచెం దూరం జరిపింది. ఆయన ఖాళీ చేసిన చోట ఇప్పుడు ఎవరున్నారు? ఏ డిగ్రీ లేని ఆర్‌ఎంపీ ఉన్నాడు. అర్ధరాత్రి తలుపు తడితే లేచేది అతనే కాబట్టి జనం అతని దగ్గరికే వెళ్తున్నారు. మీ బందరు ఎంత పెరిగినా అతని స్థానం చెక్కుచెదరదు.

సర్జను: అది నిజం. ఆ ఖాళీ మనమే చేశాం.

డ్యూటీ డాక్టరు: ఇంకొకటి సార్. ఈ ప్రాంతపు చిన్న పట్టణాలకు వైద్య సంస్థలు నిలబెట్టే శక్తి లేదనడం కూడా సరికాదు. గుడివాడలో డాక్టర్ గురురాజు 1945లోనే హోమియో కళాశాల పెట్టారు. అది ఇప్పటికీ ప్రభుత్వ కళాశాలగా ఆయన పేరుతోనే నడుస్తోంది.

సర్జను: గుడివాడ పేరెత్తావు కాబట్టి చెబుతాను. అంతకుముందు గుడివాడ నుంచి గెలిచిన ఎన్టీ రామారావుగారు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లోనే, 1986లో, వైద్య విధాన పరిషత్ చట్టం వచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ బోధనాసుపత్రికీ నడుమ ఉన్న ఆస్పత్రులన్నిటినీ ఒక ప్రత్యేక సంస్థ కిందికి తెచ్చారు. సచివాలయం చుట్టూ తిరగకుండా ఆస్పత్రి పనులు ఆస్పత్రి స్థాయిలోనే తేలాలని ఉద్దేశం. 1994 చివర్లో ప్రపంచ బ్యాంకు అప్పు మంజూరైంది, సరిగ్గా ఈ నడిమి ఆస్పత్రుల కోసమే. థియేటర్లు కట్టారు, ఎక్స్‌రే మిషన్లు దించారు, వార్డులు పెంచారు. పనిలో ఉండగా ఇవన్నీ కళ్లారా చూశాను, సంతోషించాను. కొత్త థియేటరులో లైట్లు వెలిగాయి. బల్ల పక్కన నిలబడి మత్తిచ్చేవాడు లేడు. ఒక మత్తు డాక్టరు పోస్టు మంజూరైంది అంటే జనం ఏమనుకుంటారు? మత్తు డాక్టరు ఉన్నాడు అనుకుంటారు. వారానికి 168 గంటలు. ఒక మనిషి 48 గంటలు పని చేస్తాడు. తక్కిన 120 గంటలు ఆ ఆస్పత్రిలో మత్తు లేదు. రాత్రి, పగలు, ఆదివారం, సంక్రాంతి, అన్నీ కలిపి నడవాలంటే నలుగురు కావాలి. స్త్రీ వైద్యులు నలుగురు, పిల్లల డాక్టర్లు నలుగురు. పన్నెండు మంది స్పెషలిస్టులు లేకుండా రాత్రింబవళ్లు నడిచే కాన్పుల ఆస్పత్రి లేదు. మనం ముగ్గుర్ని వేసి, బోర్డు మాత్రం 24 గంటలదని పెట్టాం. ఆ బోర్డు నమ్మి వచ్చినవాళ్లు తెల్లవారుజామున మూడింటికి రిఫరల్ చీటీ పట్టుకుని మళ్లీ బండి ఎక్కారు. నేరుగా బందరో బెజవాడో వెళ్లి ఉంటే గంటన్నర మిగిలేది. నా అభ్యంతరం అంతా ఆ గంటన్నర గురించే.

డ్యూటీ డాక్టరు: మీ వాదంలో నాకు జవాబు దొరకని చోటు ఇదే సార్. 168 గంటల లెక్కను నేను కాదనలేను. అబద్ధపు బోర్డు కంటే బోర్డు లేకపోవడమే మేలు, అదీ ఒప్పుకుంటాను. కానీ నలుగురు మత్తు స్పెషలిస్టులే కావాలా? ఎం.బి.బి.ఎస్. డాక్టరుకు 18 వారాల్లో ప్రాణరక్షక మత్తు వైద్యం నేర్పే శిక్షణ కేంద్ర ప్రభుత్వమే రూపొందించింది. కాన్పుల అత్యవసరాల కోసమే పెట్టిన శిక్షణ అది. సిజేరియన్ నేర్పడానికి కూడా అలాంటి శిక్షణే ఉంది. ఆరోగ్యంగా ఉన్న తల్లికి వెన్నులో మత్తు సూది ఇచ్చి అడ్డం తిరిగిన బిడ్డను తీయడానికి ఎం.డి. పట్టా ఎందుకు?

సర్జను: మత్తు ఇవ్వడం 18 వారాల్లో వస్తుందమ్మా. ఇచ్చిన మత్తు తప్పుదారి పడితే ఏం చేయాలో రావడానికి ఏళ్లు కావాలి. వెన్నులో ఇచ్చిన మందు పైకి పాకి ఊపిరి ఆగిందనుకో. లేదా ఫిట్స్‌తో వచ్చిన గర్భిణికి గొంతులో గొట్టం వేయబోతే వాపుతో దారి కనిపించలేదనుకో. ఆ నాలుగు నిమిషాల్లో చెయ్యి తిరిగినవాడు కావాలి. చెయ్యి తిరగాలంటే కేసులు కావాలి. నెలకు పది ఆపరేషన్లు జరిగే చోట ఎంత మంచి డాక్టరయినా రెండేళ్లలో చేతి నేర్పు పోగొట్టుకుంటాడు. బందరులో ఒక్క వారంలో చూసే కేసులు చిన్న చోట ఆరు నెలలకు రావు. ఇంగ్లండువాళ్లు 1962లోనే ఈ లెక్క వేసుకున్నారు. లక్ష, లక్షన్నర జనాభాకు 600 నుంచి 800 పడకల జిల్లా జనరల్ ఆస్పత్రి ఒకటి ఉంటే చాలన్నారు. ఊరూరా ఉన్న చిన్నవాటిని చాలా మూసేశారు.

డ్యూటీ డాక్టరు: వాళ్లకు ఏటిమొగ పంటు లేదు సార్. థాయిలాండును చూడండి, మనలాగే వరి పండించే దేశం. 1972 నుంచి కొత్త డాక్టర్లు మూడేళ్లు పల్లెల్లో పని చేయాలన్నారు. 1980లలో కొన్నేళ్లు పెద్దాసుపత్రుల కొత్త కట్టడాలు ఆపి, ఆ డబ్బును మన తాలూకా లాంటి స్థాయి ఆస్పత్రులకు మళ్లించారు. పది పడకలతో మొదలైనవి కూడా ఉన్నాయి. 2002 నాటికి దేశమంతా 30 బాట్‌లకే వైద్యం అని చెప్పగలిగారంటే, ఆ మాట నిలబెట్టడానికి దాదాపు ప్రతి తాలూకాలో ఒక ఆస్పత్రి అప్పటికే ఉంది. మనం 2007లో ఆరోగ్యశ్రీ తెచ్చాం. దాని వల్ల బతికినవాళ్లు ఎందరో ఉన్నారు, ఒక్క మాట తక్కువ చేయను. కానీ ఆ డబ్బు ఎక్కువగా పెద్ద ఆపరేషన్ల వెంట పట్నాలకు నడిచింది. జ్వరం, బీపీ, షుగరు, కుక్కకాటు, పాముకాటు చూసే ఆస్పత్రికి ఆ దారిలో పెద్దగా ఏమీ రాలేదు.

సర్జను: పాముకాటు అంటున్నావు. అది నా వాదానికే బలం. కట్లపాము కరిస్తే ఊపిరితిత్తులకు మిషన్ కావాలి. రక్తపింజరి కరిస్తే మూత్రపిండాలు పోవచ్చు, డయాలసిస్ కావాలి. ఈ రెండూ చిన్న చోట నిలబడవు.

డ్యూటీ డాక్టరు: ఇక్కడ కాస్త నిదానంగా మాట్లాడుకుందాం సార్, ఇది నేను రోజూ చూసే పని. 2018 ఆగస్టు గుర్తుందా? ఊడ్పుల కాలం. దివిసీమలో పాముకాట్లు ఒకదాని వెంట ఒకటి. జనం ఎంత బెదిరిపోయారంటే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గుడిలో ప్రభుత్వమే సర్పశాంతి యాగం చేయించింది. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. చీకట్లో చేలోకి దిగేవాళ్లకు తెలుసు అదేంటో. అప్పుడు వాళ్లు పరుగెత్తింది ఎక్కడికి? అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రికి. రక్తపింజరి కాటో కాదో తేల్చడానికి స్కానింగులు అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, మెల్లిగా వంచి చూస్తాం. గడ్డకట్టకపోతే విషం రక్తంలో ఉన్నట్టే. పది వయల్స్ విరుగుడు సెలైన్‌లో కలిపి ఎక్కిస్తాం. ఆ మందు పడక ఒళ్లు దద్దుర్లెక్కి బీపీ పడిపోతే ఎడ్రినలిన్ పక్కనే ఉండాలి. ఆరు గంటలాగి మళ్లీ గొట్టం పరీక్ష. మూత్రం ఎంత వస్తోందో గంట గంటకూ రాసుకోవాలి. వేళకు మందు పడితే చాలామందికి మూత్రపిండాల దాకా పోదు. పోతోందని తెలిసిన మనిషిని నేనే పంపిస్తాను, మందు ఎక్కించి, కాగితం రాసి, పక్కన నర్సునిచ్చి మరీ పంపిస్తాను. కట్లపాముదైతే గొట్టం వేసి, అంబు బ్యాగ్ నొక్కుకుంటూ. ఈ మొదటి గంటల పని జరగకుండా నేరుగా బందరు బయల్దేరినవాడి సంగతి ఆలోచించండి.

సర్జను: ఇందులో ఒక్క ముక్కతో కూడా నాకు పేచీ లేదు. ఈ పనంతా అవనిగడ్డలో జరగాల్సిందే. నాగాయలంకలో, కోడూరులో కూడా జరగాలి. కానీ నువ్వు చెప్పింది నిలబెట్టి పంపడం. దానికి మంచి డ్యూటీ డాక్టరు, ఇద్దరు నర్సులు, మందులు, ల్యాబు, బండి చాలు. థియేటరుతో కూడిన జనరల్ ఆస్పత్రి అక్కర్లేదు. నీ మాటల్లోనే నా వాదం ఉంది.

డ్యూటీ డాక్టరు: లేదు సార్. గొట్టం వేయడం నేను ఎక్కడ నేర్చుకుని, ఎక్కడ నిలుపుకున్నాను? థియేటరులో, మత్తు డాక్టరు పక్కన. చేతి నేర్పు కేసులతోనే నిలుస్తుందని మీరే అన్నారు. థియేటరు మూసేస్తే మత్తు డాక్టరు పోతాడు. ఆయన వెంట ఆక్సిజన్ సంగతి పట్టించుకునేవాళ్లు పోతారు. తర్వాత స్త్రీ వైద్యురాలు బదిలీ అడుగుతుంది. కాన్పులు తగ్గితే పిల్లల డాక్టరుకు పని ఉండదు. ఐదేళ్లలో నా పాముకాటు వార్డు కూడా ఓపీ చీటీలు రాసే గదవుతుంది. మీరు పైఅంతస్తు ఒక్కటే తీస్తాననుకుంటున్నారు.

సర్జను: ఆ జారుడు నేనూ చూశాను. కాదనను. అయినా ప్రాణాల లెక్క ఒకటుంది, దాన్ని నేను పక్కన పెట్టలేను. 2004–06లో ఉమ్మడి రాష్ట్రంలో లక్ష కాన్పులకు 154 మంది తల్లులు చనిపోయేవారు. 2018–20కి మన రాష్ట్రంలో అది 45. ఈ నడుమ వచ్చిన పెద్ద మార్పేమిటి? 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు వచ్చింది. ఇంట్లో కాన్పులు దాదాపు పోయాయి. కష్టమైన కేసు చేయగలిగిన చోటికి కదలడం మొదలైంది. కదలడం వల్ల తల్లులు బతికారమ్మా.

డ్యూటీ డాక్టరు: కదిలారు, నిజమే. ఎక్కడికి కదిలారు? అందరూ సర్కారు పెద్దాసుపత్రికి వెళ్లలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే మన రాష్ట్రంలో కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు. ప్రైవేటులో 63 శాతం, ప్రభుత్వంలో 27 శాతానికి కాస్త తక్కువ. రాత్రి మత్తు డాక్టరు లేడని తెలిసిన కుటుంబం తొమ్మిదో నెలలోనే అప్పు చేసి నర్సింగ్‌హోముకు వెళ్తుంది. అక్కడికి మత్తు డాక్టరు ఫోన్ చేస్తే వస్తాడు, ఆయన వీలు చూసి పగలే కోత. పక్క ఊళ్లో నమ్మకమైన సర్కారు థియేటరు లేకపోవడం ఎంతమంది కడుపుల మీద గీత పెట్టిందో ఆ అంకెల్లో ఉంది.

సర్జను: ఈ మాటకు నేను తలవంచుతాను. అవసరం లేని కోతలకు నడిమి ఆస్పత్రి పడిపోవడం ఒక పెద్ద కారణం. బందరు ఒక్కటే దాన్ని ఆపలేదు.

డ్యూటీ డాక్టరు: ఖర్చు సంగతి కూడా వినండి. కాన్పయిన తల్లిని ఇంటికి దింపడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది. పాము కరిచిన కూలీ వెంట వచ్చిన భార్యకు ఏముంది? రోజుకూలీ పోతుంది, పిల్లల్ని పక్కింట్లో వదలాలి, బందరులో వరండాలో పడుకుని హోటలు అన్నం తినాలి. ఆ ఖర్చు భరించలేకనే చాలామంది డిశ్చార్జి చెప్పకముందే లేచి వెళ్లిపోతారు. వాళ్లు ఎటు పోయారో బందరుకు తెలియదు. నాకు తెలుస్తుంది, ఆశా కార్యకర్త వచ్చి చెబుతుంది. ఇక తుఫాను. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టినప్పుడు ప్రభుత్వ లెక్కలోనే దాదాపు పదివేల ప్రాణాలు పోయాయి. రోడ్లు లేవు, తీగలు లేవు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు బెజవాడలోకే చొరబడింది, ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ వరద పదకొండు లక్షల క్యూసెక్కులు దాటింది. అంతా పంపాల్సిన నగరమే నీళ్లలో ఉంది. మీరు నమ్ముకుంటున్న బందరు కూడా సముద్రం ఒడ్డునే ఉంది. 1864 నవంబరు 1న ఉప్పెనలో ముప్పై వేల మందిని పోగొట్టుకున్న ఊరది. ఉన్న బలమంతా తీరంలో ఒకే చోట పెట్టడం నాకు భయంగా ఉంది.

సర్జను: ఉప్పెన ముందు చిన్న ఆస్పత్రి ఇంకా బలహీనం. అక్కడ పైఅంతస్తు ఉండదు, డీజిలు నిల్వ ఉండదు. అందుకే ఇప్పుడు తుఫాను హెచ్చరిక రాగానే నెలలు నిండినవాళ్లను ముందే ఆస్పత్రులకు తరలిస్తున్నాం. అది కూడా కదల్చడమే.

డ్యూటీ డాక్టరు: హెచ్చరిక గర్భిణులకు పనికొస్తుంది. గాలివానలో చెట్టు విరిగి మీద పడేవాణ్ని ముందే గుర్తుపట్టి తరలించలేం కదా. రోడ్డు తెరుచుకునేదాకా లోపల ఉన్న డాక్టరే దిక్కు.

సర్జను: సరే, తిన్నగా అడుగుతాను. రేపు బందరు, గుడివాడ, అవనిగడ్డ మూడింటికీ కలిపి ఒక్క మత్తు డాక్టరు పోస్టు ఇచ్చారు. ఎక్కడ వేస్తావు?

డ్యూటీ డాక్టరు: అవనిగడ్డలో. గుడివాడకు బెజవాడ గంట దూరంలో ఉంది. బందరుకు కళాశాల ఉంది. అవనిగడ్డకు ఏమీ లేదు.

సర్జను: నేను బందరులోనే వేస్తాను, రాత్రి షిఫ్టులో. అవనిగడ్డలో ఒంటరిగా వేసినవాడు ఏడాదిలో సెలవు పెడతాడు, లేదా రాజీనామా చేస్తాడు. బందరులో వేసినవాడు ఉంటాడు.

డ్యూటీ డాక్టరు: ఒంటరిగా వద్దు. బందరు మత్తు విభాగం కిందనే అవనిగడ్డ థియేటరును పెట్టండి. బందరు డాక్టర్లు ఒక్కొక్కరు వంతులవారీగా వచ్చి వెళ్తారు. 18 వారాల శిక్షణ పొందిన ఇద్దరు స్థానికంగా ఉంటారు. వాళ్లు ఏటా కొన్ని వారాలు బందరులో పని చేసి చెయ్యి నిలుపుకుంటారు. మొత్తం ముగ్గురు.

సర్జను: వంతుల పద్ధతి నాకు నచ్చింది. ఇన్నాళ్లూ ఎవరూ అలా చేయలేదు. మనిషిని ఒక చోట పడేసి మరిచిపోయారు. కానీ ముగ్గురు చాలరు. రాత్రి రెండింటికి గొట్టం పడకపోతే ఆ కుర్రాడు బందరుకు ఫోన్ చేస్తాడు. ఫోన్‌లో గొట్టం వేయలేం. నలుగురుంటే ఒప్పుకుంటాను, అందులో ఒకరు ఎం.డి. అయి ఉండి, అదే ఊళ్లో కాపురం ఉండాలి.

డ్యూటీ డాక్టరు: నాలుగో పోస్టు ఎప్పుడు వస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మీరు పని చేసినన్నాళ్లూ దాని కోసమే ఎదురుచూశారు. నేను ముగ్గురితో మొదలుపెడతాను.

సర్జను: ముగ్గురిలో ఒకరికి జ్వరం వచ్చి, ఒకరు సెలవులో ఉన్న రాత్రి ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను. నాలుగో మనిషి జాయినింగ్ రిపోర్టు ఇచ్చేదాకా నేనయితే థియేటరు తాళం తీయను.

డ్యూటీ డాక్టరు: నేను తీస్తాను సార్. ముగ్గురూ లేని రాత్రి బోర్డు తిప్పేస్తాను, ఆ సంగతి సాయంత్రం ఆరింటికే ప్రతి ఏఎన్ఎం ఫోనుకూ, 108 వాళ్లకూ చెబుతాను. తక్కిన రాత్రులు కాన్పులు చేస్తాను. నాలుగో పోస్టు కోసం అడగడం మాత్రం మీరు కూడా నాతో కలిసి అడగాలి.

సర్జను: అడుగుతాను. తాళం సంగతి మాత్రం ఇంకా ఒప్పుకోలేదమ్మా.